అధ్యక్షపీఠమును, రబ్బరుముక్కయు

పాఠశాలకు శత్రువు లెవ్వరని యడిగినచో పేదరికమనియు, ఉపాధ్యాయుల కొరతయనియు, తల్లిదండ్రుల యశ్రద్ధయనియు మనవారు పలువిధముల జెప్పుదురు. ఇవి యన్నియు నిజమే. కాని వీనితోబాటు లెక్కింపవలసిన శత్రువులు మరి రెండు గలవు. మొదటిది పెద్దల పీఠకలహము. రెండవది మార్కులపై మితిమీరిన మోజు. ఈ రెండును ఒకే నగరమున, ఒకే కాలమున దాపురించినపుడు బాలబాలికల గతి యేమగునో అమెరికా దేశములోని అట్లాంటా నగరపు ఇటీవలి చరిత్ర తెలుపుచున్నది. ఆ నగరము మనకు దూరమే గాని యందలి దోషములు మనకు దూరము గావని తలచి యీ వ్యాసము వ్రాయబూనితిని.

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలల పాలన చాలవరకు స్థానికమైనది. ఒక నగరమునకో జిల్లాకో చెందిన పాఠశాలలన్నిటిపై నొక బోర్డు ఉండును. పెక్కుచోట్ల దాని సభ్యులను ప్రజలే ఓట్లువేసి యెన్నుకొందురు. ఆ బోర్డు సూపరింటెండెంటును నియమించును, బడ్జెటు నామోదించును, నియమముల నేర్పరచును. దైనందిన వ్యవహారమంతయు సూపరింటెండెంటు చేతిలో నుండును. కావున బోర్డు సభ్యులు చేయదగిన ముఖ్యకార్యము ప్రశ్నించుట. అట్లాంటా బోర్డులో సభ్యులు తొమ్మండుగురు. వారి సంరక్షణలో సుమారు 50,000 మంది పిల్లలు చదువుచుండిరి.

1999వ సంవత్సరమున బెవర్లీ హాల్ అను నామె యా నగరమునకు సూపరింటెండెంటుగా వచ్చెను. ఆమె కాలమున పేదవాడలలోని పాఠశాలలు సయితము రాష్ట్రపరీక్షలలో ఏటేట నెక్కువ మార్కులు సంపాదించుచు వచ్చినవి. లక్ష్యము నందుకొన్న పాఠశాలల సిబ్బందికి బహుమానధనము లభించెడిది. అందుకొనలేని ప్రధానోపాధ్యాయులకు ఉద్యోగభయము పట్టుకొనెడిది. 2009లో ఆమెకు ఆ దేశమంతటిలోను ఉత్తమ సూపరింటెండెంటను గౌరవము దక్కెను. నగరములోని వర్తకప్రముఖులు ఈ కీర్తిని జూచి గర్వించిరి. బోర్డును గర్వించెను. గర్వించుటలో తప్పులేదు. ఆ గర్వములో ప్రశ్న మరచిపోవుటయే తప్పు.

ఆ ప్రశ్నను అడిగినది ఒక స్థానిక వార్తాపత్రిక. అట్లాంటా జర్నల్-కాన్‌స్టిట్యూషన్ పత్రికవారు 2008 డిసెంబరులోను, మరల 2009లోను, పరీక్షాఫలితముల నొకదాని ప్రక్క నొకటి బెట్టి లెక్కవేసిరి. కొన్ని పాఠశాలలలో మార్కులు నమ్మశక్యము గానంత వేగమున నెగసినవని వారు ప్రకటించిరి. ఇందులో గూఢచర్యమేమియు లేదు; గణితము మాత్రమే యున్నది. ఇంతకుమున్ను వెనుకబడియున్న తరగతి ఒక్క యేడాదిలో ముందువరుసకు దుమికినచో, అది యెట్లు జరిగెనని యడుగుట ఏ తండ్రియైనను చేయదగిన పని. బోర్డు సభ్యుల చేతిలోను ఆ యంకెలే యుండెను.

పిమ్మట రాష్ట్రప్రభుత్వమువారు 2009వ సంవత్సరపు సమాధానపత్రములను యంత్రముచే పరిశీలింపజేసి, 2010 ఫిబ్రవరిలో ఫలితమును వెల్లడించిరి. పిల్లలు పెన్సిలుతో గుర్తుపెట్టిన సమాధానములు రబ్బరుతో చెరపబడి, తప్పులు ఒప్పులుగా దిద్దబడిన గుర్తులు కొన్ని తరగతులలో లెక్కకు మించి కానవచ్చెను. చంటిపిల్లవాడు తన తప్పు తాను దిద్దుకొనుట సహజమే. కాని తరగతి కంతకు నొకేమారు అంతటి జ్ఞానోదయ మగుట సహజము గాదు. నగరపెద్దలు తామే యొక విచారణసంఘము నేర్పరచుకొని, దోషము కొలది పాఠశాలలకే పరిమితమని తేల్చిరి. గవర్నరు దానితో తృప్తిపడక 2010 ఆగస్టులో ప్రత్యేక విచారణాధికారులను నియమించెను.

చదువరులారా! ఇట్టి సమయమున బోర్డువారు ఏమి చేయుచుండిరని మీరడుగుదురు గాక. వారు అధ్యక్షపదవికై పోరాడుచుండిరి. 2010వ సంవత్సరపు శరత్కాలమున ఐదుగురు సభ్యులు నియమము మార్చి, అధ్యక్షురాలిని దింపి, తమలో నొకని నా పీఠముపై గూర్చుండబెట్టిరి. తక్కిన నలుగురు అది చెల్లదని న్యాయస్థానమున కెక్కిరి. ఒక పక్షమువారు విచారణ చురుకుగా సాగవలెనన్నచో నాయకత్వము మారవలెననిరి. రెండవ పక్షమువారు నియమమును ఉల్లంఘించినవారు న్యాయము పలుకరాదనిరి. ఇరువురి మాటలోను కొంత సత్యము లేకపోలేదు. కాని నగరములోని పిల్లల సమాధానపత్రములు రబ్బరుముక్క పాలైన దినములలో, వారి పెద్దల కాలమును బుద్ధియు ఎవరు పీఠమెక్కవలె నను తగవులో గడచిపోయెను.

దాని ఫలము శీఘ్రముగనే కనబడెను. విద్యాలయములకు గుర్తింపు నొసంగు సంస్థవారు 2011 జనవరిలో అట్లాంటా ఉన్నత పాఠశాలలను షరతులతో కూడిన పరీక్షాస్థితిలో నుంచిరి. చదువు చెడినదని గాదు. బోర్డు పాలన చెడినదని. సెప్టెంబరు నెలాఖరులోగా బోర్డువారు తమ్ము దిద్దుకొననిచో గుర్తింపే పోవు ప్రమాదము గలిగెను. గుర్తింపు పోయినచో విద్యార్థులకు కళాశాల ప్రవేశములకును విద్యార్థివేతనములకును చిక్కువచ్చును. ఇది వట్టి బెదిరింపు గాదు. ప్రక్కనున్న క్లేటన్ కౌంటీ పాఠశాలలు బోర్డు దుర్వ్యవహారము వలననే 2008లో గుర్తింపు గోల్పోయియుండెను. సుమారు నలువది సంవత్సరములుగా ఆ దేశమున ఏ జిల్లాకును అట్టి యవమానము జరిగియుండలేదు. అప్పుడు పెద్దలు పోట్లాడిరి. దండన పిల్లలు పడిరి. అట్లాంటా బోర్డును చక్కబెట్టుటకై 2011లో ఆ రాష్ట్రపు శాసనసభవారు, ఇట్టి స్థితిలోనున్న బోర్డుల సభ్యులను తొలగించు నధికారమును గవర్నరున కొసంగిరి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిన దనుమాట మనవారు ఊరక యనలేదు. తమ్ము తాము ఏలుకొన జాలని సంఘమును ఇతరు లేలుదురు.

2011 జులైలో విచారణనివేదిక వెలువడెను. పరిశీలించిన 56 పాఠశాలలలో 44 చోట్ల మోసము జరిగినదనియు, 178 మంది ఉపాధ్యాయులును ప్రధానోపాధ్యాయులును అందు పాలుగొనిరనియు, వారిలో 82 మంది తమ దోషమును ఒప్పుకొనిరనియు అందు వ్రాయబడెను. భయమును బెదిరింపును పైనుండి క్రిందికి ప్రాకి అందరి నోళ్లు మూసినవని విచారణకర్తలు తలచిరి. 2013లో 35 మందిపై అభియోగములు మోపబడెను. తానేమియు నెరుగనని తుదివరకు చెప్పిన బెవర్లీ హాల్ 2015 మార్చిలో, తనపై విచారణ జరుగకమునుపే, మరణించెను. ఆ యేప్రిలు నెలలో న్యాయస్థానము 12 మందిలో 11 మందిని దోషులుగా నిర్ణయించెను. కంచె చేను మేయుట మనము సామెతలో విన్నాము. అక్కడ కంచె మేసినది చేనును గాదు, విత్తనమునే.

ఏలయనగా చదువురాని బాలునికి చదువు వచ్చినదని వ్రాయుటకంటె క్రూరమైన కార్యము మరియొకటి లేదు. వెనుకబడిన బాలునికి రావలసిన ప్రత్యేక పాఠమును, అదనపు ఉపాధ్యాయుని, కడకు తన లోటు తానెరుగు నవకాశమును, ఆ రబ్బరుముక్క తుడిచివేసినది. వైద్యుడు జ్వరమానిని విరుగగొట్టి జ్వరము తగ్గెనని చెప్పినట్లయ్యెను.

పత్రికవారు నగరముయొక్క పరువు దీసిరని యప్పు డనేకులు నిందించిరి. ఇంటిగుట్టు లంకకు చేటను సామెతను మనలోను తరచుగా వినుచుందుము. ఆ నిందలో కొంత వేదన యున్నది. నల్లజాతివారు ఎక్కువగా చదువుకొను నగరపాఠశాలలను గూర్చి చెడుగునే నమ్ముటకు సిద్ధముగా నుండువారు ఆ దేశమున తక్కువమంది గారు. అట్టివారి చేతికి మరియొక రాయి నిచ్చితిమను భయము సహజమే. కాని లంక చెడినది గుట్టు చెప్పినవాని వలననా, గుట్టుగా దాచవలసిన పని చేసినవాని వలననా? ఆ పేదపిల్లల పక్షమున మాటాడినవా డెవ్వడు? వారి మార్కులు నిజమని పొగడినవాడా, వారికి చదువు రాలేదని చెప్పుటకు సాహసించినవాడా? ఆ కాలమున రెండవవాడే వారికి బంధువని నా యభిప్రాయము.

ఐనను పత్రికలకును నేనొక మాట విన్నవింతును. సభలో కుర్చీలు విసరుకొనిన దినమునను, మోసము పట్టువడిన దినమునను పత్రికల విలేఖరులు నగరపాఠశాలకు పరుగెత్తి వత్తురు. తక్కిన దినములలో మూడవతరగతిలో ఒక బాలిక తొలిసారి తప్పులేక పేజీ చదివినపుడు అచ్చట నెవ్వరు నుండరు. ఎల్లప్పుడు అంకెలనే వార్తగా ప్రకటించుచు వచ్చినచో అంకెలను దొంగిలించువారు పుట్టుదురు. అట్లాంటా పత్రిక దీర్ఘకాలము ఓపికతో లెక్కచూచినందుననే సత్యము బయటపడెను. 1868 నాటి మూలము గల యా పత్రిక 2025వ సంవత్సరాంతమున కాగితముపై ముద్రణను మానుకొని, తెరపై మాత్రమే వెలువడుచున్నది. ఏ రూపముననైనను సరే, ఊరి పాఠశాలల బడ్జెటును చదివి, బోర్డు సభలో కడవరకు కూర్చుండు విలేఖరి యొక్కడు ప్రతి పట్టణమునకు నవసరము.

ఇంతవరకు పరులను గూర్చి వ్రాసితిని. ఇక నన్ను గూర్చి వ్రాయనిచో ఈ వ్యాసము కపటమగును. నేను శిక్షణకళాశాల విడిచి పనిలో జేరిన మూడవయేట, ఒకానొక పాఠశాలలో పబ్లికు పరీక్షకు పర్యవేక్షకుడనుగా నుంటిని. లెక్కల బిట్‌పేపరు సమయమున ఒక పెద్ద ఉపాధ్యాయుడు గదిలోనికి వచ్చి, సమాధానములను మెల్లగా చదివి వెడలిపోయెను. నేను కిటికీవైపు జూచుచు నిలుచుంటిని. ఆ యేట ఆ పాఠశాలకు నూటికి నూరు వచ్చినది, అందరికిని పూలదండలు వేసిరి, నాకును వేసిరి. కొన్ని యేండ్లకు ఆ గదిలోని విద్యార్థి యొకడు నాకు సంతలో నెదురుపడెను. ఇంటర్మీడియెటులో లెక్కలు అర్థముగాక రెండుమార్లు తప్పి చదువు మానుకొనెనట. "అప్పుడే ఫెయిలయ్యుంటే మళ్ళీ మొదట్నించీ నేర్చుకొనేవాణ్ణండి, మాస్టారూ" అని యతడు నవ్వుచు జెప్పెను. ఆ నవ్వులో నిందలేదు. ఉండినచో నాకు కొంత తేలికగా నుండెడిది. నేను రబ్బరుముక్క చేతబట్టలేదు. కాని కిటికీవైపు జూచితిని. అట్లాంటాలో ఆ 178 మందిగాక, కిటికీవైపు జూచినవా రెందరో నేనూహింపగలను.

మనదేశమున 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రభుత్వ, ఎయిడెడు పాఠశాలలకు యాజమాన్య కమిటీ లుండవలెననియు, వానిలో నూటికి 75 వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులే యుండవలెననియు విధించినది. మావంటి అల్పసంఖ్యాక వర్గముల ఎయిడెడు పాఠశాలలలో 2012 సవరణ దీనికి సలహాధికారమును మాత్రమే యొసంగెను. సలహాయే యైనను చిన్నపని గాదు. తల్లిదండ్రులారా! మీరట్టి కమిటీలో కూర్చుండినపుడు అధ్యక్షుడెవ్వరని మొదట నడుగకుడు. మా బిడ్డ పుస్తకము తెరచి తానుగా చదువగలదా యని యడుగుడు. మార్కులు హఠాత్తుగ పెరిగినచో సంతసింపుడు. సంతసించిన పిమ్మట ఎట్లు పెరిగెనని యడుగుడు. యాజమాన్యమువారికి నా మనవి యేమనగా, మీలో తగవులు రాకుండుట యసాధ్యము. కాని ఆ తగవు ఘంట కొట్టు సమయమునకు ముగియవలెను. తరగతి తెరచియున్నంతసేపు పీఠము ఖాళీగా నున్నను నష్టము లేదు. ఉపాధ్యాయుని కుర్చీ ఖాళీగా నుండరాదు.

ప్రియ విద్యార్థులారా! మీ పెట్టెలలోని రబ్బరుముక్క మీ తప్పును మీరు దిద్దుకొనుటకే యున్నది. మీ తప్పును మరియొకరు చెరపి ఒప్పుగా వ్రాసిన యెడల అది మీకు మేలు గాదు, దొంగతనము. మీ లోటును మీనుండి దొంగిలించి దాచుట యది. నాతోడి ఉపాధ్యాయులారా! ఈ యేట పరీక్షగదిలో నిలుచుండునపుడు మనము కిటికీవైపు జూడకుందుము గాక. మన పాఠశాలకు నూటికి డెబ్బదియే వచ్చినను, ఆ డెబ్బది నిజమైనచో, దండ లేకయే తలయెత్తుకొని మరుసటి దినము ఘంట కొట్టుకొందము.