దివాలా: ఒక మాట, మూడు అర్థాలు

ఆంగ్లంలోని ‘బ్యాంక్రప్ట్’ అన్న మాటకు మూలం ఇటాలియన్ భాషలోని ‘బాంకా రోత్తా’. అంటే విరిగిన బల్ల. నాణేలు మార్చే వర్తకులు సంతలో బల్ల వేసుకుని కూర్చునేవారనీ, చేతులెత్తేసిన వాని బల్లను విరగ్గొట్టేవారనీ కథ. మన ‘దివాలా’ ఉత్తరాది నుండి వచ్చిన మాట. దాని వెనుకా ఒక కథ చెబుతారు: అప్పు తీర్చలేని వర్తకుడు పట్టపగలే దుకాణంలో దీపం వెలిగించి తన స్థితిని లోకానికి చాటేవాడట. బల్ల విరగడమైనా, పగటి దీపమైనా నలుగురి ఎదుట జరిగే అవమానమే.

ఈ రెండూ చాలవన్నట్టు మనకు మరొక మాట ఉంది: ‘ఐ.పి. పెట్టాడు’. ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు ఇది పొట్టి రూపం. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం, అప్పు తీర్చలేని మనిషి న్యాయస్థానాన్ని ఆశ్రయించి, ఉన్న ఆస్తిని ఋణదాతలకు అప్పగించి, చివరకు ఋణవిముక్తి కోరవచ్చు. చట్టం దృష్టిలో అది రక్షణ. మన నోట మాత్రం అది మోసానికి పర్యాయపదమైంది.

నిజానికి ఇక్కడ మూడు వేర్వేరు విషయాలున్నాయి. తీర్చే శక్తి లేకపోవడం ఒకటి. ఆ సంగతిని న్యాయస్థానం ప్రకటించడం రెండవది. శక్తి ఉండీ తీర్చకపోవడం మూడవది. మొదటిది కష్టం, రెండవది ప్రక్రియ, మూడవది నేరబుద్ధి. మూడింటికీ ‘దివాలా’ అనే ఒక్క ముద్ర వేస్తున్నాము. పైగా ‘దివాలాకోరు రాజకీయాలు’ అంటూ దానిని తిట్టుగా కూడా మార్చాము.

మాటలో ఏముంది అనుకోవద్దు. ఓరుగల్లు చరిత్రే సాక్ష్యం. 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతిలో నడిచి 2002లో మూతపడింది. అటువంటి మిల్లులు నష్టాలలో మునిగితే మన పత్రికలు ‘ఖాయిలా పడ్డాయి’ అని రాసేవి. ఖాయిలా అంటే జబ్బు. జబ్బు చేసిన వానిని ఎవరూ నిందించరు కదా! ఇదే జిల్లాలో 1997-98లో అకాలవర్షాలూ పురుగూ కలిసి పత్తిని తుడిచిపెట్టాయి. విత్తనాలూ మందులూ అమ్మిన వర్తకుల వద్దనే అప్పు చేసిన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. మరణాలకు కారణాలు అనేకం. కానీ పరువు పోతుందన్న భయం కూడా అందులో ఒకటి కాదనగలమా? మిల్లుకు జబ్బు, మనిషికి దివాలా!

చట్టమూ ఇదే దారిన నడిచింది. 2016లో వచ్చిన దివాలా స్మృతి కంపెనీలకు గడువు విధించి పరిష్కార మార్గం చూపింది. వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే వర్తింపజేశారు. సామాన్యుడు ఆ వాకిట బయటే నిలిచాడు.

చట్టాన్ని మార్చడం మన చేతిలో లేదు. మాట మన చేతిలోనే ఉంది. శక్తి లేనివానిని ‘అప్పులపాలైనవాడు’ అందాము. ఉండీ ఇవ్వనివానిని ‘ఎగవేతదారు’ అందాము. ‘దివాలా’ను న్యాయస్థానానికే వదిలేద్దాము. ఇంతకన్న మంచి మాటలు మీ ప్రాంతపు వాడుకలో ఉంటే తెలుపగలరు.