ఆరోగ్యము: మత్తుమాత్రయు మనశ్శాంతియు

సిరిసిల్లలో మరమగ్గముల రొదనడుమను, జగిత్యాల, కోరుట్లలలో బీడీచాటల ముందరను దినములు గడుపు సోదరీమణులకు నిద్ర యెంత విలువైనదో మేము వేరుగ జెప్పనక్కరలేదు. అప్పులచేతను, పని చాలమిచేతను నిద్ర కరవైనచోట మత్తుమాత్ర సులభముగ జొరబడును. అది దేహములో నేమి చేయునో యించుక విచారింతము.

మన మూత్రపిండములపై రెండు చిన్న గ్రంథులు గలవు. మెదడు ఆజ్ఞ యొసగగనే యవి కార్టిసాల్ అను రసమును రక్తములోనికి వదలును. ఆపదయందు దేహమునకు బలము సమకూర్చుటలో దీని పాలు పెద్దది. ఇది వేకువను హెచ్చి, రాత్రికి తగ్గుట సహజము. కావున దీనిని శత్రువుగ నెంచరాదు.

డయజిపామ్, ఆల్ప్రజోలామ్ మొదలగు మందులు మెదడులోని యుద్రేకము నణచి, పై యాజ్ఞను బలహీనపరచును. ఆరోగ్యవంతులయందు జరిపిన పరీక్షలలో సైతము ఆల్ప్రజోలామ్ మ్రింగిన పిమ్మట కార్టిసాల్ తగ్గుట కనబడినది. రసము తగ్గినంతమాత్రమున చింత తీరునా? షావుకారు బాకీ యట్లే యుండును. దాని వార్త దెచ్చు బంటు నోరుమాత్రమే మూతబడును.

అంతకన్న పెద్ద చిక్కు వేరొకటి గలదు. కొన్ని వారములు విడువక పుచ్చుకొన్నచో దేహము మందునకు అలవాటుపడును. పిమ్మట హఠాత్తుగ మానినచో నణగియున్నదంతయు నొక్కుమ్మడి పైకుబుకును. కార్టిసాల్ హెచ్చును, నిద్ర దూరమగును, చేతులు వణకును. కొందరికి మూర్ఛలు వచ్చి ప్రాణాపాయమును గలుగును.

2015లో కోరుట్లకు పొరుగుననున్న నిజామాబాదు జిల్లాలోను, మెదకు, మహబూబ్‌నగరు జిల్లాలలోను ఇదియే సంభవించినది. మత్తుమందు గలిపిన కల్తీకల్లును అధికారులు అరికట్టగనే, దానికి మరగినవా రనేకులు మతిచలించినట్లు ప్రవర్తించుచు నాసుపత్రుల పాలైరి. కల్లు త్రాగుట మన ప్రాంతమున స్త్రీలకును క్రొత్తగాదు గనుక, ఇది మగవారి ముచ్చట యని త్రోసివేయరాదు.

కావున ఇంట నెవరైన నిట్టి మాత్రకుగాని, మందుకల్లునకుగాని అలవాటుపడియున్నచో, తిట్టి యొక్కనాటిలో మాన్పింప బూనకుడు. వైద్యునికి జూపి, ఆయన చెప్పిన క్రమమున కొంచెము కొంచెముగ తగ్గింపుడు. పొరుగామె మందుచీటితో మాత్రలు కొనకుడు. మాత్రను, కల్లును కలిపి పుచ్చుకొన్నచో ఊపిరియే నిలిచిపోవచ్చును. వైద్యుడు పరీక్షించి, కొలదిదినములకు వ్రాసి యిచ్చిన మాత్రను వాడుటకుమాత్రము సిగ్గుపడ బనిలేదు.

గుండెబరువు దింపుకొన దగినవారు దాపున లేనినాడు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, టెలీమానస్ వారు ఉచితముగ మన తెలుగుననే యాలకింతురు. చింతను మ్రింగుటకంటె జెప్పుకొనుట మేలు.