గ్రూపు లోన్ల మీద మా తీర్మానం

మేం పొదుపు సంఘాల ఆడవాళ్లం. ఆడవాళ్లు అప్పు ఎగ్గొట్టరని అందరూ మమ్మల్ని మెచ్చుకుంటారు. 70 దేశాల్లోని 350 సూక్ష్మ రుణ సంస్థల లెక్కలు చూసిన పరిశోధకులు 2011లో తేల్చిందీ అదే: ఆడవాళ్లు ఎక్కువున్నచోట మొండి బకాయిల ముప్పు తక్కువ. ఈ లెక్కను మేం కాదనడం లేదు. దాని వెనక ఏముందో మా నోటితో చెప్తున్నాం.

సంతకం మాది. డబ్బు ఎవరి చేతికి పోయింది? 1996లో అచ్చయిన అధ్యయనం కోసం పరిశోధకులు ఆన్ మేరీ గోట్జ్, రీనా సేన్ గుప్తా బంగ్లాదేశ్ పల్లెల్లో ఇదే ఆరా తీస్తే, సగానికి పైగా ఆడవాళ్లకు తమ పేరనున్న అప్పు మీద అజమాయిషీ అరకొరగానే ఉంది, కొందరికి అసలే లేదు. మా ఇళ్లలోనూ చూస్తున్నాం. ఆటోకి, బోరుకి, పాత బాకీకి మగవాళ్లు మా పేరనే లోను తీస్తారు. వాయిదా రోజున ఇంటాయన ఇంట్లో ఉండడు. పిల్లల్నీ పొయ్యినీ వదిలి మేం పోలేం, నలుగురిలో మాట పడలేం. చేతిలో లేకపోతే పుస్తెలు కుదువపెడతాం, ఇంకో సంస్థలో అప్పు చేసి ఈ అప్పు కడతాం. రిజిస్టరులో మాత్రం అది సకాలంలో చెల్లింపే.

2010 అక్టోబరు గుర్తుందా? ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్లను కట్టడి చేసే ఆర్డినెన్సు వచ్చింది. దాదాపు నూటికి నూరూ వసూలవుతోందని చెప్పుకున్న సంస్థల వసూళ్లు నెలల్లోనే కుప్పకూలాయి. కట్టాల్సింది అంతకు ముందు కట్టిన ఆడవాళ్లే. వాళ్ల గుణం మారలేదు. వసూలు కోసం గుమ్మం ముందు కూర్చునేవాళ్లు లేరు, మళ్లీ లోను వస్తుందన్న ఆశా లేదు. మా నిజాయితీ అని పొగిడినదాంట్లో ఎంత భాగం భయమో అప్పుడే తేలింది.

అందుకే మా తీర్మానం ఇది. తీసుకున్న అప్పు కడతాం, ఎవరినీ ఎగ్గొట్టమనం. కానీ కట్టలేకపోయిన సభ్యురాలి ఇంటి ముందు ఇకపై మేం కూర్చోం, వసూలుకొచ్చినవాళ్ల వెంట నడవం. జబ్బు చేసినా, పనులు లేకపోయినా ఆమె తరఫున గడువు సంఘమే అడుగుతుంది. లోను వాడుకునే మగవాడు మీటింగుకొచ్చి, వాయిదా తనదేనని అందరి ముందూ రాసివ్వాలి. అలా రాయకపోతే ఆ లోనుకు మేం పూచీ పడం.

ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. ఇది చాలామందికి తెలియదు. అందుకే ఆ హద్దు దాటకుండా, లోను అడిగే ప్రతి ఇంటి అప్పులన్నీ, చేబదుళ్లతో సహా, ఒక కాగితం మీద రాసి చదివి వినిపిస్తాం.

బ్యాంకుల్ని అడిగేది ఒకటుంది. కౌలు రైతుకు అతని పేరనే పంట రుణం ఇవ్వండి. అక్కడ దొరకకే ఆ భారం భార్య గ్రూపు లోనులోకి వస్తోంది. సంస్థలు కూడా వసూలు శాతంతో సరిపెట్టుకోకుండా, ప్రతి లోను దగ్గర ఇంకో రెండు గడులు పెట్టాలి: డబ్బు ఎవరు వాడారు, వాయిదా ఏ సంపాదనలోంచి వచ్చింది. అవి నింపకుండా మా ఫోటోలు వార్షిక నివేదికల్లో వేయొద్దు.