నష్టం పంచుకోని నాయకత్వం

పెరుగుతున్న వ్యాపారాలకు ఈమధ్య ఒక సలహా తెగ అందుతోంది. టర్నోవరు పది కోట్లు దాటి వంద కోట్ల వైపు చూస్తున్న కంపెనీకి మార్కెటింగ్‌లో తలపండిన మనిషి కావాలి. అంత జీతం ఇచ్చుకునే స్తోమత లేదు. కాబట్టి ఆ మనిషిని వారానికి ఒక రోజుకు మాట్లాడుకోవాలి. దీన్నే ఫ్రాక్షనల్ సీఎంఓ (చీఫ్ మార్కెటింగ్ ఆఫీసర్) అంటున్నారు. పెద్ద కంపెనీల్లో ఇరవై ఏళ్లు చేసి బయటికొచ్చిన ఒకాయన నాలుగైదు సంస్థలకు పార్ట్‌టైమ్ మార్కెటింగ్ అధిపతిగా ఉంటాడు. ఏడాదికి 60 లక్షలు అడిగే మనిషి నెలకు లక్షన్నరకే దొరికాడని యజమాని మురిసిపోతాడు. స్టార్టప్ సభల్లోనూ, తండ్రి వ్యాపారంలోకి కొత్తగా వచ్చిన ఎంబీఏ కొడుకుల మాటల్లోనూ ఇదిప్పుడు లోకజ్ఞానంగా చలామణీ అవుతోంది. ఇది చవక బేరం కాదు. చాలా కంపెనీలకు ఇది ఖరీదైన కాలయాపన.

నా అభ్యంతరం గంటలు తక్కువని కాదు. 1969లో అహ్మదాబాద్‌లో నిర్మా మొదలుపెట్టేనాటికి కర్సన్‌భాయ్ పటేల్ గుజరాత్ ప్రభుత్వోద్యోగి. ఇంట్లో పొడి కలిపి, ఉద్యోగం పోను మిగిలిన వేళల్లో సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మాడు. అంతకన్నా పార్ట్‌టైమ్ మార్కెటింగ్ ఇంకేముంటుంది? 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, పుస్తకాలు అచ్చువేశారు, జాతీయోద్యమంలో తిరిగారు. సంగీత కచేరీలకు వెళ్లి అమృతాంజనం ఉచితంగా పంచిందీ ఆయనే. ఇద్దరికీ వేరే వ్యాపకాలున్నాయి. అయితే సరుకు కదలకపోతే పోయేది వాళ్ల సొమ్ము, వాళ్ల పరువు. మనిషి తన కాలాన్ని పది పనులకు పంచుకోవచ్చు. నష్టం వచ్చినప్పుడు మాత్రం దాన్ని మోసే భుజం ఒకటి తెలియాలి. పార్ట్‌టైమ్ అధిపతి ఏర్పాటులో హోదా ఒకరికి దక్కుతుంది, నష్టం ఇంకొకరి దగ్గర మిగులుతుంది.

దీన్ని సమర్థించేవాళ్లకు మార్కెటింగ్ అంటే ప్రకటనలు, లోగో, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్. ఏ బిజినెస్ స్కూల్లోనైనా మొదటి వారంలో చెప్పే పాఠం వేరు. సరుకు, ధర, సరఫరా, ప్రచారం అని జెరోమ్ మెకార్తీ 1960లో నాలుగు భాగాలుగా విడగొట్టి చూపించాడు. వారానికొక రోజు జూమ్‌లో కనిపించే పెద్దమనిషి చేతికి వచ్చేది వీటిలో చివరిదొక్కటే. ధర యజమాని చేతిలో, సరుకు ఫ్యాక్టరీ చేతిలో, సరఫరా సేల్స్ మేనేజరు చేతిలో ఉండిపోతాయి. నాలుగింట మూడు అందని మనిషికి అధిపతి అన్న పేరెందుకు?

పచ్చళ్ల కంపెనీ ఒకటి ఉందనుకుందాం. ఏడాది పొడవునా అమ్మే ఆవకాయకు కాయ దొరికేది వేసవిలో కొద్ది వారాలే. గుంటూరు యార్డుకు కొత్త మిరప వచ్చే కాలమూ దానికి కాస్త అటూ ఇటూ. అంటే వచ్చే ఏడాది ఎన్ని టన్నులు అమ్ముతామో ఈ ఏప్రిల్‌లోనే తేల్చుకుని డబ్బు పెట్టాలి. ఆ అంకె చెప్పాల్సింది ఎవరు? కొనుగోళ్ల మేనేజరుకు కాయ ధర తెలుసు, అమ్మకం తెలియదు. బెంగళూరులో కొత్తగా పెట్టిన స్టాకిస్టు నిలబడతాడా, డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ మనవాళ్ల దుకాణాలకు ఈసారి ఎన్ని కార్టన్లు పోతాయి, కిలో జాడీ తగ్గించి పది రూపాయల ప్యాకెట్ పెంచాలా, మిరప ధర ఎగబాకితే జాడీ మీద ఎంత పెంచితే కిరాణా కొట్టువాడు పక్క కంపెనీ సరుకుకు మారకుండా ఉంటాడు? ఇవన్నీ కలిస్తేనే ఆ టన్నుల అంకె వస్తుంది. పచ్చళ్ల కంపెనీకి ఏడాది మొత్తంలో అతిపెద్ద మార్కెటింగ్ నిర్ణయం ఇదే. తప్పితే మళ్లీ వేసవి దాకా దిద్దుకునే దారి లేదు. తక్కువ పెడితే సంక్రాంతికి అరలు ఖాళీ. ఎక్కువ పెడితే గడువు దగ్గరపడిన జాడీలు డీలర్ల నుంచి వెనక్కొస్తాయి.

ఇప్పుడు ఈ కంపెనీకి జూలైలో ఆరు నెలల ఒప్పందం మీద ఒక పార్ట్‌టైమ్ అధిపతి వచ్చాడు. ఆయన వచ్చేసరికి కాయ కొనడం అయిపోయింది. మళ్లీ కాయ కొనే కాలానికి ఆయన ఒప్పందం ముగుస్తుంది. మధ్యలో ఆయన చేయగలిగింది చేస్తాడు. లక్ష్య వినియోగదారు ఎవరో చెప్పే నలభై స్లయిడ్లు, కొత్త లేబుల్, ఒక డిజిటల్ ఏజెన్సీ, ప్రతి వారం రంగురంగుల డ్యాష్‌బోర్డు. నిజాయతీ గల మనిషైనా ఇదే చేస్తాడు. ఒప్పందం పొడిగించాలంటే ఆరు నెలల్లో కంటికి కనిపించేది ఏదో చూపించాలి. ఆరు నెలల్లో కనిపించేవి క్లిక్కులు, లీడ్లు, డిస్కౌంటు ఇచ్చి తెచ్చుకున్న ఆర్డర్లు. డీలరుకు కంపెనీ మీద నమ్మకం కుదరడం, కొట్టువాడు అడగకుండానే మన జాడీ ముందు అరలో పెట్టడం ఏ డ్యాష్‌బోర్డులోనూ ఆరు నెలల్లో కనిపించవు. అందుకని డబ్బు మొదటివాటి మీదికి పోతుంది. మనిషి చెడ్డవాడు కాకపోయినా ఏర్పాటు అతణ్ని అటే నెడుతుంది.

మన దగ్గర గట్టిగా నిలబడ్డ కంపెనీల చరిత్ర తిరగేస్తే మార్కెటింగ్‌లో మలుపు తిప్పిన నిర్ణయాలు ఎక్కడ పుట్టాయో తెలుస్తుంది. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు తెల్లవారకముందే పత్రిక గుమ్మంలో పడాలని పట్టుబట్టింది. అది ప్రకటనల విభాగం తేల్చే సంగతి కాదు. వార్తల గడువు, ప్రెస్సు, రవాణా, ఏజెంట్లు అన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరగాలి. 1989లో తెచ్చిన జిల్లా పత్రికలూ అంతే. ఊరి వార్తతో పాఠకుణ్ని, చిన్న ప్రకటనతో ఊళ్లోని వ్యాపారిని ఒకేసారి పట్టుకున్నాయి. విలేకరుల వ్యవస్థ, అచ్చు, ప్రకటనల రేటు ముగ్గురి చేతుల్లో ఉండి ఒకరికొకరు సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చుంటే అది సాధ్యమయ్యేది కాదు.

1983లో కడలూరులో మొదలైన చిక్ షాంపూ సంగతి ఇంకా చిత్రం. ఏ కంపెనీదైనా సరే, ఐదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితమని దాని స్థాపకుడు సి.కె. రంగనాథన్ ప్రకటించాడు. జనానికి అలవాటయ్యాక చిక్ ఖాళీ ప్యాకెట్లు తెచ్చినవారికే ఇస్తామని మార్చేశాడు. పథకం పెట్టడం కన్నా దాన్ని మార్చాల్సిన సమయం పసిగట్టడం కష్టం. తొందరపడితే జనం ఇంకా అలవాటు పడరు, ఆలస్యమైతే ఉచిత సరుకే కంపెనీని తినేస్తుంది. ఆ రోజు మంగళవారమో శుక్రవారమో ముందే ఎవరికీ తెలియదు. వారానికి ఫలానా రోజు వచ్చే మనిషి కోసం అది ఆగదు.

ఇక్కడ అవతలివాళ్ల గట్టి వాదన ఒకటుంది. ఆడిటరు పార్ట్‌టైమే, లాయరు పార్ట్‌టైమే, వాళ్లకు లేని దోషం మార్కెటింగ్ మనిషికి ఎందుకు? ఆడిటరు పది కంపెనీల లెక్కలు చూడగలడు, ఎందుకంటే జీఎస్టీ నిబంధన పచ్చళ్ల కంపెనీకైనా పైపుల కంపెనీకైనా ఒకటే, రిటర్నుల గడువు తేదీలూ ముందే తెలుసు. మార్కెట్ అలా నోటీసు ఇచ్చి రాదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. కంపెనీ ఉద్యోగి ఆడిటరు కాకూడదని చట్టమే అంటుంది. ఆడిటరు బయటివాడుగా ఉండటమే ఆ పనికి ప్రాణం. అదే చట్టం, అంటే 2013 కంపెనీల చట్టం, 203వ సెక్షన్‌లో చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసరు విషయంలో సరిగ్గా ఎదురు మాట చెబుతుంది. లిస్టెడ్ కంపెనీల్లోనూ, 10 కోట్లు, ఆ పైన చెల్లింపు మూలధనం ఉన్న పబ్లిక్ కంపెనీల్లోనూ ఆ పదవిలో ఉన్నవాళ్లు పూర్తికాలం వాళ్లై ఉండాలి, అనుబంధ సంస్థలో తప్ప అదే సమయంలో ఇంకో కంపెనీలో పదవి చేయకూడదు. ఈ నిబంధన చిన్న ప్రైవేటు కంపెనీలకు వర్తించదు, మార్కెటింగ్ అధిపతి ఊసు ఆ సెక్షన్‌లో లేదు. అయినా దాని వెనకున్న వివేకం మాత్రం అందరికీ పనికొస్తుంది. తనిఖీ చేసేవాడు బయట ఉండాలి, నడిపేవాడు లోపల ఉండాలి. పార్ట్‌టైమ్ అధిపతి నడిపేవాడి కుర్చీలో కూర్చుని బయటివాడి స్వేచ్ఛ కోరుకుంటాడు.

కంపెనీ లెక్కల పుస్తకం కూడా ఈ సంగతి దాచదు. ఆయన పేరున వచ్చేది 18 శాతం జీఎస్టీతో ఇన్వాయిస్, దాని మీద కోసేది వృత్తి సేవల టీడీఎస్, రాసేది ప్రొఫెషనల్ ఛార్జీల పద్దులో. అకౌంటెంటు ఆయన్ను సలహాదారుగా గుర్తించాడు. విజిటింగ్ కార్డు ఒక్కటే అధిపతి అంటోంది.

అలాగైతే ఆయనకు కంపెనీలో వాటా ఇవ్వండి, నష్టం ఆయనకూ తగులుతుందంటారు కొందరు. ఐదు కంపెనీల్లో తలా అర శాతం ఉన్నవాడికి ఒకటి మునిగినా నాలుగు మిగులుతాయి. ఒకటి పెద్దదైతే చాలు, మిగతా నాలుగూ పోయినా బాధ లేదు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లిమిట్ తెచ్చుకున్న యజమానికి ఉన్నది ఒక్కటే కంపెనీ. ఈ ఇద్దరూ ఒకే సాహసాన్ని ఒకేలా తూచలేరు.

పెద్ద కంపెనీ అనుభవం మాటేమిటి? పొరుగింటి పుల్లకూర రుచి మనకు కొత్త కాదు. బహుళజాతి సంస్థలో ఆయన ఒక నిర్ణయం తీసుకుంటే దాన్ని జిల్లా జిల్లాకూ మోసుకెళ్లే సేల్స్ బలగం ఉండేది, సర్వేలు చేసే సంస్థ ఉండేది, టీవీ ప్రకటనలకు బడ్జెట్ ఉండేది. చిన్న కంపెనీలో ఆ నిర్ణయం వచ్చి పడేది నిన్నగాక మొన్న డిగ్రీ ముగించిన కుర్రాడి ఒళ్లో. ఆ కుర్రాడికి మిగతా నాలుగు రోజులు అడగడానికి మనిషి లేడు. సూపర్ స్టాకిస్టు అరువు నలభై ఐదు రోజులు దాటిందని సరుకు ఆపాలా వద్దా అంటే ఆ నలభై స్లయిడ్లలో జవాబు దొరకదు. చివరికి కుర్రాడు యజమానినే అడుగుతాడు. మొదట్నించీ మార్కెటింగ్ అధిపతి ఎవరో అప్పుడు బయటపడుతుంది.

ఇదంతా చెప్పి, అనుభవజ్ఞుల అవసరం లేదని నేననడం లేదు. పూర్తికాలం అధిపతి వెళ్లిపోయి కొత్త మనిషి వచ్చేదాకా మూడు నెలలు కుర్చీ చూసుకోవడానికి ఒకరిని పెట్టుకోవచ్చు. కొత్త రాష్ట్రంలోకి వెళ్లేటప్పుడు ఆ మార్కెట్‌లో జీవితం గడిపిన వ్యక్తిని దారి అడగవచ్చు. ఏజెన్సీ ఇచ్చిన కొటేషన్ సబబో కాదో తేల్చమనవచ్చు. కింద ఆరేడుగురి జట్టు గట్టిగా ఉండి, వాళ్లకు పెద్ద దిక్కు ఒక్కటే కొరవడిన చోట వారానికొక రోజు రావడం కూడా కొంత ఫలితమిస్తుంది. వీటికి ఫీజు ధారాళంగా ఇవ్వండి. పని ఏమిటో, ఎప్పుడు ముగుస్తుందో కాగితం మీద పెట్టి, సలహాదారు అనే పిలవండి. ఆ మాటలో చిన్నతనం ఏమీ లేదు. అధిపతి అనగానే మాత్రం యజమాని చేతులు దులుపుకుంటాడు. ఈ పద్ధతి చేసే అసలు హాని అదే. ధర గురించి, డీలర్ల గురించి తానే తలబద్దలు కొట్టుకోవాల్సిన మనిషి, నాకు సీఎంఓ ఉన్నాడు కదా అని నిశ్చింతగా నిద్రపోతాడు.

ఆ నెలకు లక్షన్నరతో ఏం చేయాలంటారా? ఐదారేళ్లు మార్కెట్‌లో తిరిగిన, స్టాకిస్టుల ఫోన్ నంబర్లూ వాళ్ల బాకీలూ నోటికొచ్చిన మనిషిని పూర్తికాలానికి తీసుకోండి. ఆయనకు పెద్ద కంపెనీ పేరు ఉండదు, ఇంగ్లిష్‌లో స్లయిడ్లు చెప్పడం రాకపోవచ్చు. ఏప్రిల్‌లో కాయ కొనేటప్పుడూ ఉంటాడు, సంక్రాంతికి లెక్క తేలేటప్పుడూ ఉంటాడు. ధర, సరుకు, అరువు పరిమితి ఈ మూడింటి మీద తుది మాట మీ దగ్గరే ఉంచుకుని, వారానికొకసారి ఆయనతో కూర్చోండి. తలపండినవారి సలహా కావాలంటే ప్రశ్న తయారు చేసుకుని వెళ్లి, ఆ ప్రశ్నకు డబ్బిచ్చి రండి. ఏడాదికో రెండేళ్లకో ఆ మనిషి ఎదుగుతాడు, లేదా అంతకన్నా పెద్దవాణ్ని పెట్టుకునే స్తోమత కంపెనీకి వస్తుంది. ఏది జరిగినా నేర్చుకున్నది కంపెనీలోనే ఉంటుంది.

ఇప్పటికే పార్ట్‌టైమ్ అధిపతి ఒప్పందం బల్ల మీద ఉంటే సంతకం ముందు ఒక్కటి అడగండి: ధర పెంచడం బెడిసికొట్టి డీలర్లు సరుకు తిప్పి పంపితే, ఆ సొమ్ములో మీ వంతు ఎంత? జవాబు సున్నా అయితే ఫీజు ఎంత తగ్గించినా ఆ బేరం గిట్టదు.