తెరువరాని నోటుపుస్తకము

ఆడపిల్లకు పదునాలుగేండ్లు నిండగానే ఇంటిలో ఆమెకు బుద్ధులు చెప్పువారు పెరుగుదురు. ఆమె మాట వినువారు తగ్గుదురు. గట్టిగా నవ్వరాదు, గుమ్మములో నిలువరాదు, మార్కులు తగ్గరాదు. వసతి గృహములలో చదువు పిల్లల స్థితి మరింత కష్టము. వారికి ఏడ్చుటకు సైతము ఏకాంతము దొరకదు.

తెలుగు గంటలో వ్యాసరచన యున్నది గదా యందురేమో. ఉన్నది. 'నా ఆశయము' అను వ్యాసమును తరగతిలోని అరువదిమందియు గైడులోని మాటలతోనే వ్రాయుదురు. ఒకే ఆశయము అరువదిమందికి ఎట్లు కుదిరినదని అడుగువారు లేరు.

1942 జూన్ 12న ఆమ్‌స్టర్‌డామ్‌లో అన్నే ఫ్రాంక్ అను బాలికకు పదుమూడవ పుట్టినరోజు కానుకగా ఒక నోటుపుస్తకము లభించినది. నాజీలకు వెరచి రెండేండ్లకు పైగా దాగియున్న చోట, తల్లిపై కోపమును, తనపై తనకు గల అనుమానమును ఆమె 'కిట్టీ' యను కల్పిత స్నేహితురాలికి చెప్పుకొన్నది. ఆ వ్రాత ఆమె ప్రాణమును కాపాడలేదు. 1945లో ఆమె నిర్బంధ శిబిరములో మరణించినది. కాని అజ్ఞాతములోని ఆ దినములలో ఆమెకు మనసు విప్పుటకు ఒక చోటు మిగిలినది.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. కళాశాల విద్యార్థులు నాలుగు రోజులపాటు, రోజునకు పదునైదు నిమిషములు తమ గతములోని బాధను గూర్చి వ్రాసిరి. జరిగినదానిని, దానివలన కలిగిన వేదనను కలిపి వ్రాసినవారికి వెంటనే మనసు మరింత బరువెక్కినది. పిమ్మటి నెలలలో మాత్రము వారు వైద్యశాలకు పోవుట తగ్గినది. కావున పిల్లచేత వ్రాయించి అంతటితో వదలరాదు. పెద్దదిక్కు దాపున ఉండవలెను.

బడిలో వారమునకు ఒక్క గంట చాలును. మార్కులు వద్దు, ఎర్రసిరా వద్దు. ఉత్తరమో, పద్యమో, కథయో పిల్ల ఇష్టము. 'నేను' అనుటకు జంకు పిల్ల కథలో 'ఆమె' అని చెప్పుకొనగలదు. కల్పన చేయు మేలు ఇదియే. చూపినచో చదువవలెను, చూపనిచో అడుగరాదు. పిల్ల లేనప్పుడు ఆ పుస్తకమును విప్పిన తల్లికి ఒక రహస్యము దొరకునేమో గాని, ఆ పిల్ల మరల ఏ పుస్తకమునను నిజము వ్రాయదు.

అయినను రచన వైద్యమునకు బదులు కాదు. పిల్ల తానై చూపిన కాగితములో చావు తలపు గాని, ఒకరి దౌర్జన్యము గాని కనబడినచో, బాగుగా వ్రాసితివని మెచ్చి ఊరకుండుట తప్పు. ఆమెతో చెప్పియే నమ్మదగిన పెద్దలను, వైద్యుని పిలువవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడుదురు.

ఆడపిల్లకు పెట్టెనిండ బట్టలు కొనిపెట్టు ఇండ్లు అనేకము. తాళముగల ఒక చిన్న సొరుగు, అందొక తెల్లకాగితముల పుస్తకము ఇచ్చిన ఇండ్లెన్ని?