రిజిస్ట్రాఫీసు పుస్తకం అందరిదీ - చదివేది కొందరే

పల్లెల్లో భూమి తగాదా వచ్చినప్పుడు పేదవాడి పెట్టెలోంచి బయటికొచ్చేది ఒక తెల్లకాగితం. దాని మీద అమ్మినవాడి వేలిముద్ర, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు ఉంటాయి. అవతలివాడు తెచ్చేది రిజిస్టరు దస్తావేజు. ఏది నెగ్గుతుందో అందరికీ తెలిసిందే. "చదువు రాక మోసపోయాడు పాపం" అని ఊరు జాలిపడి ఊరుకుంటుంది. జాలితో భూమి నిలవదు. ఈ మోసం ఏ గదిలో, ఏ పుస్తకంలో, ఏ చట్టం నీడన జరుగుతోందో కూలీలూ, పేదరైతులూ తెలుసుకుంటేనే నిలుస్తుంది.

వంద రూపాయల కథ

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల భూమి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలని అందులోని 54వ సెక్షన్ చెబుతోంది. వందలోపు విలువైతే భూమిని స్వాధీనం చేస్తే చాలు, అమ్మకం చెల్లుతుంది. ఆ రోజుల్లో వంద రూపాయలు చిన్న మొత్తం కాదు. అంటే చిన్నవాడి చిన్న చెక్క చేతులు మారితే కాగితం అక్కర్లేదు, నాగలి కట్టడమే హక్కని తెల్లదొరల చట్టమే ఒప్పుకుంది.

దొరలు పోయారు. ఆ వంద మాత్రం వందగానే ఉండిపోయింది. ఇవాళ వంద రూపాయలకు గుంట కాదు గదా, గట్టు మీద అడుగు నేల కూడా రాదు. పేదవాడికి ఇచ్చిన వెసులుబాటు చట్టం పుస్తకంలో మిగిలింది, పొలంలో లేకుండా పోయింది. పాలకులు మారినా ఆ అంకెను సరిచేయాలని ఎవరికీ తోచలేదు!

మరి పేదవాడు రిజిస్టరు ఎందుకు చేయించుకోడు? స్టాంపు డ్యూటీ ఉంది, ఫీజు ఉంది, దస్తావేజు రాసేవాడి ఖర్చు ఉంది, మామూళ్లు ఉన్నాయి. ఆఫీసుకు తిరిగిన రోజల్లా కూలి పోతుంది. పైగా అమ్మేవాడి పేరు మీద పట్టా ఉండదు. చచ్చిపోయిన తాత పేరు మీదో, ఒకనాటి దొర పేరు మీదో ఉంటుంది. 1984లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది గానీ వాళ్లు రాసిన రాతలు పోలేదు. అందుకే నమ్మకం మీద తెల్లకాగితం రాసుకుని దున్నుకుంటారు.

చట్టం ఎవరి పక్కన నిలబడింది?

పదేళ్లు గడిచాక, రోడ్డు పడ్డాక, రేటు పెరిగాక, అమ్మినవాడి కొడుకో మనవడో అదే భూమిని ఇంకొకరికి రిజిస్టరు చేస్తాడు. ముందు రాసుకున్న రిజిస్టరు కాని కాగితం కంటే రిజిస్టరైన దస్తావేజుకే బలం అని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 50వ సెక్షన్ అంటుంది. ఒప్పందం మీద కొని స్వాధీనంలో ఉన్నవాడికి ఆస్తి బదిలీ చట్టం 53-ఏ సెక్షన్ కొంత రక్షణ ఇచ్చేది. 2001లో దాన్నీ సవరించి, ఆ ఒప్పందం కూడా రిజిస్టరై ఉండాలన్నారు. జీపీఏ కాగితాలతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

తెలంగాణలో ఈ తెల్లకాగితాన్ని సాదాబైనామా అంటారు. దీని మీద ఎందరు బతుకుతున్నారో 2020లో తేలింది. క్రమబద్ధీకరణకు ఆ ఏడాది అక్టోబరు 12 నుంచి నవంబరు 10 వరకు గడువిస్తే సుమారు 9 లక్షల దరఖాస్తులు వచ్చి పడ్డాయి. ఆ గడువు నడుస్తుండగానే అక్టోబరు 29న పాత 1971 చట్టం పోయి, కొత్త చట్టమూ ధరణీ అమల్లోకి వచ్చాయి. కొత్త చట్టంలో సాదాబైనామాకు చోటే లేదు. వ్యవహారం హైకోర్టుకెక్కి ఆగిపోయింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం మళ్లీ దారి తెరిచింది. 2014 జూన్ 2కు ముందు కొని, 12 ఏళ్లుగా సాగులో ఉండి, 2020లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకే ఆ దారి. 2025 ఆగస్టులో హైకోర్టు అడ్డంకీ తొలగింది.

మంచిదే. కానీ ఆ ముప్ఫై రోజులు కరోనా రోజులు. ఆ నెలలో వలసపోయి ఉన్నవాడి సంగతేమిటి? మీసేవ మెట్లెక్కడం తెలియని ముసలమ్మ సంగతేమిటి? పొలం ఇరవై ఏళ్లు దున్నినా, ఆ నెలలో కాగితం పెట్టనందుకు హక్కు లేదనడం ఏం న్యాయం?

రిజిస్టరయ్యేది కాగితం, హక్కు కాదు

ఇక్కడ కార్యకర్తలు గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేస్తాడు గానీ అమ్మేవాడికి ఆ భూమి మీద హక్కుందో లేదో తేల్చడు. తేల్చే అధికారం అతనికి లేదని తమిళనాడు కేసులో 2025లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. కాబట్టి ఎవరైనా ఎర్రముద్రల దస్తావేజు చూపించి "లేచిపో" అంటే బెదిరిపోనక్కర్లేదు. "నీకు అమ్మినవాడికి ఎలా వచ్చింది? వాడికి ముందు ఎవరిది?" అని అడగాలి. లేని హక్కును అమ్మితే కొన్నవాడికి వచ్చేదీ ఏమీ ఉండదు.

ఆ ప్రశ్నకు జవాబు రిజిస్ట్రాఫీసులోనే ఉంది. భూముల దస్తావేజుల నకళ్లు ఒకటో నెంబరు పుస్తకంలో ఉంటాయి. దానికి మనుషుల పేర్లను బట్టి ఒక సూచిక, ఆస్తిని బట్టి ఒక సూచిక ఉంటాయి. 57వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి దరఖాస్తు పెట్టిన ఏ మనిషికైనా ఆ పుస్తకం, సూచికలు చూపించాలి, నకలు ఇవ్వాలి. నీకేం సంబంధం అని అడ్డం పడే వీలు లేదు. అయినా ఆ పుస్తకం తిరగేసేది ఎవరు? దళారీలు, రియల్ ఎస్టేటు వాళ్లు, భూస్వాముల గుమాస్తాలు. సంఘాలు ఆ గడప తొక్కడం అరుదు.

వెళ్లినవాళ్లు ఏం చూడాలి? సర్వే నెంబరు పట్టుకుని ఈసీ తీయాలి. ఒకే భూమి రెండుసార్లు అమ్ముడుపోయిందా? సర్వే నెంబరులో ఉన్న విస్తీర్ణం కంటే అమ్మిన విస్తీర్ణాలన్నీ కలిపితే ఎక్కువైందా? డీకేటీ పట్టా, లావణి పట్టా భూములు ఎవరి పేర్లకు మారాయి? అసైన్డు భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాన్ని సవరించి 20 ఏళ్లు దాటినవాటికి సడలించారు. కాబట్టి తేదీలు చూడటం మరీ ముఖ్యం. తెల్లకాగితం అమ్మకాలు ఈసీలో కనిపించవన్నది మరవకూడదు.

పక్క పొలాల దస్తావేజుల నకళ్లు కూడా తీయండి. వాటిలో హద్దులు రాస్తారు. "తూర్పు: ఫలానావారి పొలం" అని మన మనిషి పేరు పాతికేళ్ల కిందటి దస్తావేజులో దొరికితే, అతను అప్పటికే సాగులో ఉన్నాడనడానికి అదొక ఆసరా. శిస్తు రసీదులు, పహాణీ లేదా అడంగలు నకళ్లు దానికి జతచేయాలి.

ఆఫీసులో అడగవలసినవి

రిజిస్టరు చేయించుకునే స్తోమత ఉన్నప్పుడు వాయిదా వేయొద్దు. రాసుకున్న నాలుగు నెలల్లోగా దస్తావేజు దాఖలు చేయాలి. తెలంగాణలో 2020 నుంచి సాగుభూమికి తహశీల్దారే ఆ పని చేస్తున్నాడు. ఫీజుల పట్టిక ఆ ప్రాంత భాషలో అందరికీ కనబడేట్లు పెట్టాలని 79వ సెక్షన్ ఉంది. అది గోడ మీద లేకపోతే అడగండి. దస్తావేజు ఇస్తే రసీదు తీసుకోండి. "కాదు, పో" అని నోటిమాటతో పంపిస్తే కదలొద్దు. రిజిస్టరు చేయనంటే కారణం రాసి, అడిగినవాడికి దాని నకలు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని 71వ సెక్షన్ చెబుతోంది. దాని మీద ముప్ఫై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటకు అప్పీలు ఉండదు, రాతకు ఉంటుంది. మంచాన పడ్డ మనిషి ఇంటికే అధికారి వచ్చి పని పూర్తిచేసే ఏర్పాటు 31వ సెక్షన్‌లో ఉంది. అది పెద్దిళ్లకే పరిమితం కావలసిన పని లేదు.

ఇవి చేస్తూనే పెద్ద కోర్కెలు ముందు పెట్టాలి. చిన్న, సన్నకారు రైతుల కొనుగోళ్లకు, పంపకాలకు స్టాంపు డ్యూటీ, ఫీజు రద్దు చేయాలి. 2020లో దరఖాస్తు పెట్టలేకపోయిన సాదాబైనామా రైతులకు మళ్లీ అవకాశమివ్వాలి. సాగులో ఎవరున్నారో ఊళ్లోకొచ్చి, పదిమందిని అడిగి నిర్ధారించాలి. ఊరి భూముల మీద ఆ ఏడాది జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా గ్రామసభలో చదివి వినిపించాలి. దొంగచాటు అమ్మకం నలుగురి ముందు చదివితే నిలబడదు.

ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా కూర్చోవలసిన అవసరం లేదు. సంఘం తరఫున చదువొచ్చిన కుర్రాళ్లు ఇద్దరు రిజిస్ట్రాఫీసుకు వెళ్లి, తగాదాలో ఉన్న సర్వే నెంబర్ల ఈసీలు తీసి, రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి. ఎవరి భూమి ఎవరి పేరు మీదికి పోయిందో ఊరంతటికీ తెలిసినప్పుడు, తెల్లకాగితం పట్టుకున్న మనిషి ఒంటరిగా కోర్టు మెట్ల మీద నిలబడవలసిన గతి తప్పుతుంది.