సంతాప తీర్మానమునకు అందని మనిషి

ఊరిలో ఒక పెద్దమనిషి కాలధర్మము చెందినచో సంతాపసభ జరుపుట తెలుగునాట చిరకాలముగా వచ్చుచున్న మర్యాద. గ్రంథాలయపు హాలులో కుర్చీలు వేయుదురు. పటమునకు పూలమాల వేయుదురు. రెండు నిమిషములు మౌనము పాటింతురు. పిమ్మట వక్తలు ఒకరి తరువాత ఒకరు లేచి, కీర్తిశేషులు సౌమ్యులనియు, స్నేహశీలురనియు, పరోపకార పరాయణులనియు, వారి మరణము ఊరికి తీరని లోటనియు చెప్పుదురు. తీర్మానము ఏకగ్రీవముగా ఆమోదింపబడును. దాని ప్రతి యొకటి కుటుంబమునకు పంపబడును. మరికొన్ని నెలలకు అదే గోడకు మరియొక పటము ఆనించి మరియొక సభ జరుగును. పటము మారును, మాల మారును. మాటలు మాత్రము మారవు.

ఈ మర్యాదను పరిహసించుట తగదు. చావు కలిగిన యింటివారికొరకు నలుగురు కూడి ఒకచోట కూర్చుండుటయే ఒక ఆదరణ. నోట మాట రానివేళ పాతమాటలే అక్కరకు వచ్చును. అయినను సభ ముగిసి కుర్చీలు మడచిన తరువాత ఒక ప్రశ్న మిగులుచున్నది. పోయినవానిని ఎన్నడును చూడని పిల్లవాడొకడు ఆ సభలో చివరి వరుసలో కూర్చుండియుండినచో, ఆ మనిషి యెట్టివాడో వానికి ఏమైనను తెలిసెనా? నలుబది యేండ్లు ఊరి పిల్లలకు లెక్కలు నేర్పిన ఉపాధ్యాయుడును, నలుబది యేండ్లు బండిచక్రములు చేసిన వడ్రంగియు, ఊరిలో సగముమందికి బొడ్డు కోసిన మంత్రసానియు ఆ తీర్మానములలో ఒక్క తీరుగనే సౌమ్యులు, ఒక్క తీరుగనే స్నేహశీలురు. అందరికిని సరిపోవు మాట ఎవరినిగూర్చియు చెప్పినట్లు కాదు. మృతులను స్మరించుట యనగా వారు చేసిన పనిని, ఆ పని చేసిన తీరును, అది ఎవరికెట్లు ఉపకరించెనో దానిని చెప్పుట. తక్కినదంతయు మర్యాద.

ప్రభుత్వపు దస్తరమును ఆశ్రయించినను ఈ కొరత తీరదు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ననుసరించి మరణమును 21 దినములలోపల తెలియజేయవలయును. కుటుంబము చేతికి వచ్చు ధ్రువపత్రమున పేరు, మరణించిన తేదీ, మరణించిన స్థలము, తల్లిదండ్రుల పేళ్లు, చిరునామా మొదలగునవి ఉండును. మృతుని వృత్తి యేమి యను ప్రశ్న నమోదు పత్రములో లేకపోలేదు. కాని యది గణాంకములకై వేరు చేయబడిన భాగములోనిది. లెక్కలలో కలిసిపోవును గాని ధ్రువపత్రమునకు ఎక్కదు. ఇందు చట్టము తప్పేమియు లేదు. ఆస్తి మార్పిడికిని, పింఛనుకును, బీమాకును కావలసినది మరణమునకు రుజువు. జీవితమునకు సాక్ష్యము చెప్పుట ఊరివారి పని.

ఊరివారు ఆ సాక్ష్యము చెప్పుచున్నారా? పత్రికలలో డబ్బు చెల్లించి వేయించు శ్రద్ధాంజలి ప్రకటనలలో ఒక ఛాయాచిత్రము, జనన మరణముల తేదీలు, అశ్రునయనములతో అను మాట, దాని క్రింద కుమారులు, కోడండ్రు, కుమార్తెలు, అల్లుండ్రు, మనుమలు వరుసగా ఉందురు. దుఃఖించువారి పేళ్లకు పది పంక్తులు. ఎవరికై దుఃఖించుచున్నారో ఆ మనిషికి రెండు తేదీలు. కూడలిలో కట్టు ఫ్లెక్సీల సంగతి అంతకంటె వింత. చనిపోయినవాని బొమ్మ నడుమ చిన్నబోవుచుండగా నివాళి యర్పించు నాయకుల బొమ్మలు చుట్టును వెలుగుచుండును. ఆ మాత్రమైనను కలిగినవారికే. సంతానము లేనివారికి, వెనుక సంఘబలము లేనివారికి ఆ రెండు తేదీలును దక్కవు.

చదువురాని స్త్రీలు ఈ విషయమున చదువరులకంటె ఎరుక గలవారు. పల్లెలో చావింట శవము చుట్టును కూర్చుండి శోకములు పెట్టు స్త్రీల మాటలను చెవియొగ్గి వినినవారికి ఈ సంగతి తెలియును. ఆ యేడుపులో సౌమ్యుడను మాట వినబడదు. కరవునాడు ఏ దారిన పోయి గింజలు తెచ్చితివో, బిడ్డ పెండ్లికి ఏ చేను అమ్మితివో, ఎవరి బావిలో పూడిక తీసితివో, ఏ తమ్మునితో తగవుపడి ఎన్నేండ్లు మాట మానితివో, అన్నియు రాగముతో వచ్చును. పోయినవానిని ఎదుట కూర్చుండబెట్టుకొన్నట్లు పిలిచి, వాని బ్రదుకును వానికే చెప్పుట ఆ శోకముల పద్ధతి. మెచ్చుకోలును నిష్ఠూరమును ఒకే ఊపిరిలో ఉండును. ఆ మాటలను ఎవరైనను కాగితముమీద పెట్టినచో అది జీవితచరిత్ర యగును. పెట్టువారు లేక గాలిలో కలిసిపోవుచున్నది. సాయంకాలము తీర్మానము వ్రాయు పెద్దలు ఆ ఉదయము వాకిట నిలిచి ఆ శోకములను వినినవారే. కలము పట్టగానే వినినదంతయు మరచి, సౌమ్యులు, స్నేహశీలురు అని మొదలుపెట్టుదురు.

ఈ మరపువలన కలుగు నష్టము కళావంతుల విషయమున కొట్టవచ్చినట్లు కనబడును. భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో మరణించిరి. కోయ వంశముల పూర్వగాథలను, సమ్మక్క సారలమ్మల కథను డోలు వాయించుచు పాడి వినిపించు విద్య ఆయనది. అదే యేడు అక్టోబరులో, దీపావళికి కొన్ని దినముల ముందు, మార్లవాయికి చెందిన కనకరాజు మరణించిరి. రాజ్ గోండుల గుస్సాడీ నృత్యమును నేర్చి, నేర్పి, ఆ నృత్యము పేరే ఇంటిపేరు వలె వ్యవహరింపబడిన మనిషి ఆయన. రామచంద్రయ్యకు 2022లోను, కనకరాజునకు 2021లోను పద్మశ్రీ వచ్చెను. ముస్లిము గృహమున పుట్టి భద్రాచల రామాలయమున నాదస్వరము వాయించిన గోసవీడు షేక్ హసన్ 2021లో మరణింపగా, 2022లో ఆయన పేరు పద్మశ్రీ జాబితాకెక్కెను. బిరుదము వచ్చునప్పటికి అందుకొనవలసిన చేయి లేదు.

ఇట్టివారు పోయినప్పుడు మరణవార్తలో బిరుదమునకు దొరకు చోటు విద్యకు దొరకుట అరుదు. ఆ కథ ఎవరివద్ద నేర్చినది? ఏ వంశమువారి యింట, ఏ సందర్భమున పాడవలసినది? ఏ ఘట్టమున డోలు దెబ్బ ఎట్లు మారును? ఏ భాగమును ఇప్పుడెవరు పాడగలరు? ఈ ప్రశ్నలకు బిరుదపత్రమున సమాధానముండదు. బిరుదము పొందినవారి సంగతియే యిట్లున్నచో, వారి ప్రక్కన నిలిచి వంతపాడినవాని మాట ఎత్తువారెవరు?

మార్లవాయియే ఈ విషయమున ఒక పాఠము చెప్పుచున్నది. 1940 ప్రాంతములలో ఆ ఊర గోండుల నడుమ నివసించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వారి బ్రదుకును గ్రంథములుగా వ్రాసెను. ఆయన భార్య బెట్టీ 1987లోను, ఆయన 1995లోను మరణించిరి. వారి సమాధులు ఆ ఊరనే కలవు. ఏటేట జనవరిలో గోండులు అచ్చట కూడి వారి వర్ధంతి జరుపుదురు. తమ్ము వ్రాసినవానిని ఆ ప్రజలు మరువలేదు. తమలోని వారిని వ్రాయువాడు ఇంటింట పుట్టవలసియున్నది.

అట్టి పని సాధ్యమే యనుటకు తెలుగువారి అనుభవములోనే నిదర్శనమున్నది. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించెను. నిందకు నింద బదులీయక, ఊరూరి కవులను వెదకి, 354 మందిని ఒక సంపుటమున చేర్చెను. ఆయన ఒక పత్రికా సంపాదకుడు. పత్రిక చేయగల పనియే చేసెను. అందలి కవులలో పెక్కురు తమ తాలూకా దాటి ఎరుగబడినవారు కారు. ఆ సంచిక రానిచో వారిలో ఎందరి పేళ్లు నేడు వినబడియుండెడివి?

ఇక ఈ పని ఏల త్వరపడి చేయవలయునో 2021 వేసవి చెప్పును. కరోనా రెండవసారి విజృంభించిన ఆ నెలలలో పోయినవారిలో అనేకులకు మోయుటకు నలుగురు దొరకలేదు. శోకము పెట్టువారు వాకిలి దాటి రాలేకపోయిరి. సంతాపసభ మాట అటుండగా, బంధువులే చివరిచూపునకు నోచుకొనలేదు. పాత తీర్మానపు అరిగిపోయిన మాటలైనను దక్కక ఊరూర ఎందరో వెడలిపోయిరి. వారితోబాటు పనిచేసినవారు, వారివద్ద నేర్చినవారు ఇంకను కలరు. ఆ ఎరిగినవారును వయసుమీరుచున్నారు. ఒక తరము గడచినచో అడుగుటకు మనిషి ఉండడు.

ప్రతివాని చరిత్రయు వ్రాసినచో చదువువారెవరని కొందరు ఆక్షేపింపవచ్చును. దేశమంతయు చదువనక్కరలేదు. ఆ ఊరివాడు చదివిన చాలును. తన వీధిలోని బావిని ఎవరు త్రవ్విరో, తన బడికి స్థలము ఎవరిచ్చిరో తెలిసిన పిల్లవానికి ఆ ఊరు అద్దెయిల్లు వలె తోచదు. చనిపోయినవారి తప్పు లెన్నరాదనువారును కలరు. తప్పులెన్నుట వేరు, మనిషిని మనిషిగా చెప్పుట వేరు. లెక్కలు చక్కగా నేర్పిన ఉపాధ్యాయుడు బెత్తము కూడ ఎక్కువగా వాడెనని చెప్పినచో ఆయన శిష్యులు నవ్వుదురు. ఇది ఆయనయే యని తలయూపుదురు. మచ్చలన్నియు తుడిచి నిలిపిన ప్రతిమను చూచి ఎవరును తలయూపరు.

కావలసిన సాధనములు దూరమున లేవు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించినవారు ఊరూర పుస్తకశాల వెలయవలెనని శ్రమించిరి. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికల సంపుటములను భద్రపరచి నేటికిని పరిశోధకులకు దారి చూపుచున్నది. అన్యులు వ్రాసిన పుస్తకములను కాపాడిన గ్రంథాలయములు తమ ఊరివారిని గూర్చి ఒక పుస్తకమును వ్రాయించుకొనుట భారము కాదు. ప్రతి గ్రంథాలయమున గట్టి అట్టగల పుస్తకము నొకదానిని ఉంచి, ఊరిలో పోయిన ప్రతి మనిషికిని రెండు పుటలు కేటాయింపవలయును. ఏమి చేసెను, ఎవరివద్ద నేర్చెను, ఎవరికి నేర్పెను, ఆ పనిలో వాడిన మాటలేవి, వాని పనిలో నేడు కంటికి కనబడునదేది అని ఐదు ప్రశ్నలు చాలును. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇంటింటికి పోయి అడిగి వ్రాయగలరు. శోకము పెట్టిన ముసలమ్మను మొదట అడుగవలయును. అధ్యక్షోపన్యాసము చేసినవారిని తరువాత అడుగవచ్చును. సంవత్సరీకము నాటికి ఆ పుటలు నిండియుండవలయును. డబ్బున్నవానికిని లేనివానికిని అవే రెండు పుటలు.

అప్పుడు సంతాపసభలు మానవలసిన పనిలేదు. పటమును, మాలయు, మౌనమును ఉండవచ్చును. వక్తృత్వమునకు మారుగా ఆ రెండు పుటలను ఒకరు నిలిచి చదివిన చాలును. చక్రమునకు ఏ తుమ్మకొయ్య పగులదో ఆ వడ్రంగి ఎట్లు గుర్తించెడివాడో, ఆకులు చెక్కి బిగించిన పిదప ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి ఎట్లు నీళ్లు చల్లెడివాడో, కూలి ఇయ్యలేని రైతు బండిని ఎన్నిమారులు బాగుచేసి పంపెనో చివరి వరుసలోని పిల్లవాడు వినును. ఇంటికి పోవు దారిలో, చింతచెట్టు క్రింద ఏండ్లతరబడి పడియున్న బండిని రోజును చూచుచున్నవాడే, ఆనాడు దానివద్ద ఒక్క క్షణము నిలిచి చక్రముమీద చేయి వేయును.